సాయంత్రం నాన్నగారికి పళ్లూ పాలూ కలిపి వేడిగా ఏదైనా చేద్దామంటే ప్రతిసారీ విరిగిపోతోంది

కూకట్‌పల్లి_కుర్రాడు:

అందరికీ నమస్కారం. నాన్నగారికి 71 ఏళ్లు. పోయిన ఏడాది కట్టుడు పళ్లు పెట్టించాం. అప్పటినుంచి ఆపిల్ ముక్క కొరకలేరు, ఫ్రిజ్‌లోంచి తీసింది ఏది పెట్టినా చిగుళ్లు జివ్వుమంటున్నాయంటారు. అయినా సాయంత్రం అయిదు కొట్టేసరికి మాత్రం వేడివేడిగా ఏదో ఒకటి పడాల్సిందే. ఇన్నాళ్లూ సందు చివర బండి మీద మిరపకాయ బజ్జీలతో గడిచిపోయింది. ఈమధ్య కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టరుగారు నూనె వంటలు మానేయమన్నారు (షుగర్ లేదు, ముందే చెప్తున్నా). నేను ఇంటినుంచే పని చేస్తాను, ఒక మీటింగ్ అయ్యి ఇంకోటి మొదలయ్యేలోపు నాకు దొరికేది పావుగంట.

పండు వేడి చేసి పాలో పెరుగో కలిపితే మెత్తగా ఉంటుంది, కడుపులో తేలిగ్గానూ ఉంటుందని మొదలుపెట్టాను. ఇప్పటికి మూడుసార్లు బోల్తా పడ్డాను.

ఒకటి, ఆపిల్ ముక్కలు పాలల్లో ఉడికించి, ఉడుకుతుండగానే బెల్లం వేశాను. రెండు నిమిషాల్లో పసుప్పచ్చ నీళ్లు కింద, తెల్లటి తరకలు పైన. నాన్నగారు గిన్నెలోకి తొంగిచూసి "ఏంట్రా, జున్ను పాలు దొరికాయా?" అన్నారు. రెండోసారి అనాస ముక్కలు పెరుగులో కలిపి పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టాను, సాయంత్రం బయటికి తీసి వేడి చేద్దామని. ముందు రుచి చూస్తే చేదు! పెరుగు నిన్నటిదే, బాగానే ఉంది. మూడోది అరటిపండు, పెనం మీద వేయించి అదే పెనం మీద పెరుగు పోసేశాను. మజ్జిగ విరిగినట్టు అయిపోయింది.

నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను? పావుగంటలో అయ్యేది, కట్టుడు పళ్లతో తినగలిగేది ఎవరైనా చెప్పండి.

పెనం_పద్మ:

బాబూ, మూడోది దాదాపు సరిగ్గానే చేశావు. పెరుగు పెనం మీద పోయడమే తప్పు, గిన్నెలో వేయాల్సింది.

మా ఇంట్లో వారానికి రెండుసార్లు చేస్తాను కాబట్టి చెప్తున్నా. అరటిపండు మరీ మగ్గింది తీసుకోకు, తొక్క మీద మచ్చలు అప్పుడప్పుడే మొదలైన పండు చాలు. నిలువుగా రెండుగా చీల్చు. పెనం మీద అర చెంచా నెయ్యి, సన్నని సెగ, కోసిన వైపు కిందికి ఉండేలా పెట్టు. పెట్టాక రెండు నిమిషాలు దాని జోలికి వెళ్లకు. అందరూ చేసే పాడుపని అదే, పెట్టగానే అట్లకాడతో కెలుకుతారు, పండు గుజ్జయిపోయి పెనానికి అతుక్కుంటుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే అంచుల దగ్గర బుడబుడమంటూ పాకం ఊరుతుంది, వాసన మారుతుంది, అప్పుడు అట్లకాడ కిందికి తోస్తే తనే జారుతుంది. ఎర్రగా కాలిన వైపు పైకి తిప్పి ఇంకో నిమిషం ఉంచు. చక్కెర వేయనక్కర్లేదు. యాలకుల పొడి చిటికెడు చాలు.

గట్టి పెరుగు ముందే గిన్నెలో వేసి పెట్టుకుని దాని మీద ఈ పండు పెట్టు, కలపకు. చెంచాతో కింద చల్లగా పైన వేడిగా వస్తుంది, అదే రుచి. పెరుగు అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెడితే నాన్నగారి చిగుళ్లకి ఇబ్బంది ఉండదు.

పండు సంగతి కూడా చెప్పాలి. అమృతపాణి రుచి గొప్పదే గానీ ఈ పనికి వద్దు, పెనం మీద నిలబడదు. బజార్లో ఎక్కువగా దొరికే పొడుగు పచ్చరటి రకం పండు బాగానే నిలుస్తుంది. కర్పూర చక్కెరకేళి అయితే కాస్త పులుపు తగులుతుంది, నాకదే ఇష్టం. కేరళ దుకాణం దగ్గర్లో ఉంటే నేంద్రం పండు తెచ్చుకో, వాళ్లు తొక్కతోనే ఆవిరి మీద ఉడికిస్తారు, తొక్క చిట్లితే ఉడికినట్టు. నూనె చుక్క కూడా అక్కర్లేదు.

ల్యాబ్_కోటు:

డెయిరీలో పాలు పరీక్ష చేసే పనిలో చాలా ఏళ్లున్నాను, మీ మూడు తప్పులూ మూడు వేరువేరు కారణాల వల్ల జరిగాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, విసుగనుకోకండి.

మొదటిది, పాలు విరగడం. పాల పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.6 నుంచి 6.7 దాకా ఉంటుంది. పులుపు తగిలి అది 4.6 దగ్గరికి పడితే పాలల్లోని కేసీన్ అనే ప్రోటీన్ గడ్డకడుతుంది. ఇది మామూలు వేడిలో ఉన్న పాల లెక్క. పాలు మరుగుతుంటే అంత పులుపు కూడా అక్కర్లేదు, కాస్త తగిలినా విరిగిపోతాయి. పనీర్ చేసేటప్పుడు వేడిపాలలోనే నిమ్మరసం పిండేది అందుకే. ఆపిల్ తియ్యగా అనిపించినా అందులో మాలిక్ యాసిడ్ ఉంటుంది, ఉడికేకొద్దీ రసం పాలల్లోకి దిగుతుంది. దాని మీద మీరు బెల్లం కూడా వేశారు. పరమాన్నంలో బెల్లం పొయ్యి దించి కాస్త చల్లారాక వెయ్యమని అమ్మమ్మలు ఊరికే చెప్పలేదు కదా. మీరు ఆ రోజు చేసింది నాసిరకం పనీర్, నాన్నగారు మరీ తప్పుగా ఏమీ అనలేదు.

రెండోది, అనాస. పచ్చి అనాసలో బ్రోమలిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాల ప్రోటీన్లని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టైమిచ్చారు దానికి! అనాసని ముందు పెనం మీద మూడు నాలుగు నిమిషాలు పొగలు వచ్చేదాకా, రసం బుడగలు కట్టేదాకా వేడి చేస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. ఆ తర్వాత పెరుగులో వేసినా చేదెక్కదు. డబ్బాలో వచ్చే అనాసతో ఈ గొడవే లేదు, అది ముందే వేడి చేసి నింపుతారు. కివీలోనూ ఇలాంటి ఎంజైమే ఉంది. బొప్పాయిలో ఉండే పపైన్ మాత్రం మొండిది, కాస్త వేడికి లొంగదు. అందుకని బొప్పాయి పెరుగులో వేస్తే వెంటనే తినేయాలి, నిలవ పెట్టకూడదు. బొప్పాయి మిల్క్‌షేక్ చేసి గంట ఉంచితే చేదెక్కడం చాలామందికి అనుభవమే.

మూడోది, పెరుగు. పెరుగు అప్పటికే పులిసి గట్టిపడింది కాబట్టి పండు పులుపు దాన్ని కొత్తగా ఏమీ చేయలేదు. దానికి సరిపడనిది వేడి. వేడి తగిలితే ఆ గడ్డ ముడుచుకుని నీళ్లు కక్కేస్తుంది. మజ్జిగ పులుసులో శనగపిండి ఎందుకు కలుపుతాం? అది లేకుండా కాచి చూడండి, మీ పెనం మీద ఏమైందో అదే అవుతుంది.

కాబట్టి వేడి పండుకి మాత్రమే పెట్టండి. పాల పదార్థాన్ని పొయ్యి ఎక్కించకండి. పాలే కావాలనుకుంటే పండు విడిగా ఉడికించి, పాలు విడిగా కాచి, రెండూ గోరువెచ్చగా అయ్యాక తినబోయే ముందు కలపండి. అది కూడా అరటి, సపోటా లాంటి పులుపు తక్కువ పళ్లతోనే.

కొలెస్ట్రాల్ అన్నారు కాబట్టి ఇంకో మాట. పాల ప్యాకెట్ రంగు కాదు, పేరు చూసి కొనండి. ఫుల్ క్రీమ్ అంటే 6 శాతం వెన్న, టోన్డ్ 3 శాతం, డబుల్ టోన్డ్ ఒకటిన్నర. డబుల్ టోన్డ్ పాలు తోడుపెట్టి, ఆ పెరుగు శుభ్రమైన నూలు గుడ్డలో మూటకట్టి ఫ్రిజ్‌లో జల్లెడ మీద మూడు గంటలు ఉంచితే సగానికి సగం తగ్గి, మీగడ పెరుగంత చిక్కగా వస్తుంది, మొత్తం వెన్న మాత్రం పెరగదు. కింద దిగిన నీళ్లు పారబోయకండి, చపాతీ పిండి కలుపుకోండి.

కూకట్‌పల్లి_కుర్రాడు:

ల్యాబ్ కోటు గారూ, ఇన్ని రోజులు గూగుల్‌లో వెతికినా ఈ ముక్క ఎవరూ చెప్పలేదండి. నాసిరకం పనీర్ అన్నది ఇంట్లో చదివి వినిపించాను, మా ఆవిడ ఇంకా నవ్వుతోంది. పద్మక్కా, అరటిపండు రేపే చేస్తాను.

పాతబస్తీ_పిల్ల:

హైదరాబాద్‌లో ఉండి ఖుబానీ (ఆప్రికాట్) మర్చిపోతే ఎలా అన్నా? పెళ్లి విందుల్లో పెట్టే ఖుబానీ కా మీఠా అంటే ఏంటి, ఉడికించిన పండు, పైన మలాయి. నువ్వడిగిందే కదా! పెళ్లిలో అయితే చక్కెర పాకం బాగా దట్టిస్తారు, అది మనకి అక్కర్లేదు.

మా అమ్మ ఇంట్లో చేసే పద్ధతి చెప్తా. బేగంబజార్ డ్రైఫ్రూట్ కొట్లల్లో గింజ ఉన్న ఎండు ఖుబానీ దొరుకుతుంది, గోధుమరంగులో ముడతలు ముడతలుగా చూడ్డానికి ఏం బాగోదు, నారింజ రంగులో మెరిసేది వేరే రకం, పుల్లగా ఉంటుంది, అది వద్దు. మనిషికి నాలుగైదు చొప్పున రాత్రి నీళ్లలో నానేయాలి. పొద్దున్నకి ఉబ్బి మెత్తబడతాయి, వేలితో నొక్కితే గింజ బయటికి వస్తుంది. నానిన నీళ్లతోనే చిన్న సెగ మీద పెట్టి గరిటెతో మెదుపుతూ పావుగంట ఉడికిస్తే చక్కెర లేకుండానే చిక్కటి గుజ్జు. అది డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు వాడుకోవచ్చు, సాయంత్రం రెండు చెంచాలు వెచ్చచేసి మూటకట్టిన పెరుగు మీద వేయడమే, నీ మీటింగ్‌లో మ్యూట్ పెట్టుకుని కూడా చేయొచ్చు.

గింజ పగలగొడితే లోపల బాదంలా ఉండే పప్పు వస్తుంది, మీఠాలో పైన వేసేది అదే. తియ్యగా ఉంటేనే తినాలి, చేదు తగిలితే ఉమ్మేసి మిగతావి కూడా పడేయాలి, చేదు పప్పు మంచిది కాదు. కట్టుడు పళ్లకి ఎలాగూ పనికిరాదు కాబట్టి నాన్నగారికి అవి లేకుండానే పెట్టు.

తులసికోట:

అందరూ రుచులు చెప్తున్నారు బాగానే ఉంది గానీ, పళ్లూ పాలూ కలిపి తినడం విరుద్ధాహారం అని మన ఆయుర్వేదం మొత్తుకుంటోంది, ఎవరికీ పట్టదేం? పెద్దాయనకి పెట్టే ముందు ఆలోచించండి. చరక సంహితలోనే ఉంది, పుల్లటివి పాలతో కూడదని. పెరుగు రాత్రి తినకూడదని, వేడిచేసి తినకూడదని కూడా ఉంది.

ల్యాబ్_కోటు:

తులసికోట గారూ, మీరు చెప్పినవన్నీ అందులో ఉన్నమాట నిజమే. నేను వైద్యుణ్ని కాను, ఒంట్లో ఏమవుతుందో వాదించను. కానీ గమనించండి, పుల్లటి పండు పాలల్లో వేయొద్దనే నేనూ రాశాను, పెరుగు వేడి చేయొద్దనీ రాశాను. నా కారణం గిన్నెలో కనపడేది. ఆయన అయిదింటికి తింటున్నారు, రాత్రి కాదు. ఇష్టం లేకపోతే పెరుగు బదులు తాజా పనీర్ చిదిమి వేసుకోవచ్చు. పెద్దాయనకి ఇంతకాలం పెరుగన్నం పడుతోందా లేదా అన్నది ఆయనకే బాగా తెలుసు.

తులసికోట:

సరే, తేనె మాత్రం వేడి పండు మీద పోయకండి.

ఎడిసన్_చలి:

మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడ జనవరిలో తాజా పండు కొనాలంటే ధరా ఎక్కువే, రుచీ ఉండదు, అందుకే ఫ్రీజర్ సెక్షన్‌లో దొరికే గడ్డకట్టిన పీచ్ ముక్కలో బ్లూబెర్రీలో తెచ్చి పెట్టుకుంటాం. గిన్నెలో గుప్పెడు వేసి మైక్రోవేవ్‌లో నిమిషం తిప్పితే బ్లూబెర్రీలు టప్‌టప్‌మని పగిలి వాటి రసంలో అవే ఉడుకుతాయి. గ్రీక్ యోగర్ట్ మీద పోస్తే ఊదారంగు చారలు కడుతూ దిగుతుంది, మా పిల్లలకి ఆ రంగు చూస్తేనే సరదా. గ్రీక్ యోగర్ట్ అంటే ఏదో గొప్ప పదార్థం అనుకోకండి, ల్యాబ్ కోటు గారు చెప్పిన మూట పెరుగే. ఇక్కడివాళ్లు పీచ్‌తో కాటేజ్ చీజ్ కూడా తింటారు, నాకు నచ్చింది గానీ అందులో ఉప్పు ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లు డబ్బా మీద సోడియం ఎంతో చూసుకోండి.

ఆపిల్ మైక్రోవేవ్‌లో చేసే పద్ధతి మాత్రం మీకు పనికొస్తుంది. చెక్కు తీసి చిన్న ముక్కలు, రెండు చెంచాల నీళ్లు, దాల్చినచెక్క పొడి చిటికెడు, పైన పళ్లెం మూత, రెండున్నర నిమిషాలు. ముక్క చెంచాతో నొక్కితే అణిగిపోవాలి, లేకపోతే ఇంకో అర నిమిషం. పళ్లెం తీసేటప్పుడు మొహం దూరంగా పెట్టుకోండి, ఒకసారి ఆవిరి కొట్టి నాకు కళ్లజోడుతో పాటు కనుబొమ్మలు కూడా తడిసిపోయాయి.

బ్లూబెర్రీ సరే గానీ చిన్న గింజలుండే పళ్లు, స్ట్రాబెర్రీ, అంజీర్, జామ లాంటివి నాన్నగారికి వద్దు. కట్టుడు పళ్ల కింద ఒక్క గింజ దూరిందంటే ఇక ఆ పూటకి అంతే. మా అత్తగారు చెప్పిన మాట ఇది.

ఉప్పుకారం:

ఎవరూ అసలు విషయం పట్టించుకోలేదు. మిరపకాయ బజ్జీ తినే మనిషికి యాలకులూ దాల్చినచెక్కా ఏంటండీ? ఆయన అడిగింది వేడి, మీరందరూ ఇచ్చేది తీపి. రెండు రోజులు మొహమాటానికి తింటారు, మూడోరోజు చెప్పులేసుకుని బండి దగ్గరికి వెళ్తారు. మా నాన్నతో నా అనుభవం.

ఇలా చేయండి. చెంచాలో సగం నెయ్యి, జీలకర్ర చిటపటలాడాక నాలుగు కరివేపాకు ఆకులు, సన్నగా తరిగిన ఆపిల్ వేసి, ఉప్పు, పావు చెంచా కారం, చెంచాడు నీళ్లు చిలకరించి మూత పెట్టండి. అయిదారు నిమిషాల్లో మెత్తబడుతుంది. కాస్త పుల్లగా ఉండే ఆపిల్ అయితే ఇంకా బాగుంటుంది. దించాక మిరియాల పొడి. మూట పెరుగులో కూడా చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలిపి గిన్నెలో పరిచి దాని మీద ఇది వేడిగా వేయండి. అనాసతో కూడా చేయొచ్చు, కానీ పీచు ఇరుక్కుంటుంది కాబట్టి మరీ సన్నగా తరగాలి. కరివేపాకు ఆయన పక్కకి తీసేస్తారు, అయినా వేయండి, ఆ వాసన కోసం.

పెనం_పద్మ:

ఉప్పుకారం గారూ, చదువుతుంటేనే నోరూరింది. నాకు తట్టలేదు సుమా. దీనికి అరటిపండు కూడా బాగుంటుందేమో, కాస్త దోరగా ఉన్నది.

కూకట్‌పల్లి_కుర్రాడు:

నాలుగు రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను. మొదటి రోజు పద్మక్క అరటిపండు చేశాను. రెండు నిమిషాలు ముట్టుకోవద్దన్నారు, నేను నిమిషంన్నరకే ఎత్తి చూశాను, ఒక ముక్క చిరిగింది, రెండోది మాత్రం అచ్చు మీరు చెప్పినట్టే జారింది. నాన్నగారు మొత్తం తిన్నారు, తిని "బాగుంది, పూజ ప్రసాదంలా ఉంది" అన్నారు. ఆ మాట మెచ్చుకోలో కాదో ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

రెండోరోజు మైక్రోవేవ్ ఆపిల్ మా ఆవిడ తినేసింది, ఆయన దాకా వెళ్లలేదు. ఖుబానీ కోసం ఆదివారం బేగంబజార్ వెళ్లాలి.

నిన్న ఉప్పుకారం గారి ఆపిల్ చేశాను. పెరుగు పొద్దున్నే మూటకట్టి పెట్టాను, సాయంత్రం నాలుగున్నరకి బయట పెట్టాను, పొయ్యి మీద పని మొత్తం తొమ్మిది నిమిషాలు పట్టింది, అలారం పెట్టుకుని మరీ చూశాను. పెరుగు చుక్క నీరు కూడా వదల్లేదు. నాన్నగారు వరండాలో కూర్చుని గిన్నె ఒళ్లో పెట్టుకుని ఒక్క మాట మాట్లాడకుండా తిన్నారు, కరివేపాకు మాత్రం అంచున వరసగా పెట్టారు. గిన్నె తీయడానికి వెళ్తే "పచ్చిమిర్చి ఒకటి చీల్చి వేస్తే ఇంకా బాగుండేది, రేపు కూడా చేస్తావా?" అన్నారు. పెరుగు ఇప్పుడే మూటకట్టాను.